కుడి చెవిన మల్లెలు

"మీ అలెగ్జాండ్రియా రేవులో కూలీలే కంపెనీకి బక్షీసులిస్తారా అండీ?"

రద్వా భుజాన ఉన్న సంచి ఇంకా దించలేదు. ట్యూనిస్‌లో తెల్లవారి రైలు పట్టుకుని, స్ఫాక్స్ ఎండలో స్టేషన్ నుంచి నడిచి, హెడ్డాఫీసు మెట్లెక్కేసరికి ఆమెకు దొరికిన మొదటి పలకరింపు ఇది. అడిగినవాడు గోడకున్న పెద్ద స్క్రీన్ పక్కన నిలబడి ఉన్నాడు. ఉంగరాల జుట్టు. ఎడమ చెవి వెనక పెన్సిలు. ముఖంలో నవ్వన్నది లేదు, అదే అనుమానంగా ఉంది.

"అలాగని ఎవరన్నారు?" అంది రద్వా.

"సాఫ్ట్‌వేర్ అంటోంది. చూడండి. అలెగ్జాండ్రియా కంపెనీ, ఆదాయాలు. మొదటిది ఆలివ్ నూనె అమ్మకం. బాగుంది. దాని కిందే బక్షీసులు. అంటే పీపాలు మోసినవాళ్ళు మోసి, చెమట తుడుచుకుని, మీ చేతిలో డబ్బులు పెట్టి వెళ్తున్నారన్నమాట. దేశమంతా స్ఫాక్స్ వాళ్ళని పిసినారులంటుంది. మేమే ఇంతదాకా రాలేదు."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. రద్వా నవ్వలేదు.

"ఆ నంబరు ఎక్కడ చూసి కొట్టారు?"

"మీరు పంపిన కాగితం చూసే."

"ఆ కాగితం ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాడు. అలెగ్జాండ్రియా ఖాతాలు గ్రూప్ పట్టికలో ఎక్కడెక్కడికి చేరాలో ఆమె ప్రయాణపు హడావిడిలో చేత్తో రాసి, ఫొటో తీసి పంపిన కాగితం అది. రద్వా ఒక అంకె మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

"ఏడు."

"కాదు, ఆరు."

"ఏడండీ. ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"మీ ఊరి పిల్లాడు చెప్తాడు. మా ఊరి పిల్లాడు దీన్ని ఆరంటాడు."

అతను కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఈజిప్టువాళ్ళు చేత్తో రాసే ఆరు, ట్యునీషియావాళ్ళు వాడే ఏడుకు తోడబుట్టినట్టు ఉంటుంది. గ్రూప్ పట్టికలో ఆరుతో మొదలయ్యేవన్నీ ఖర్చులు, ఏడుతో మొదలయ్యేవన్నీ ఆదాయాలు. ఒక్క గీత తేడాతో అలెగ్జాండ్రియా కూలీలు దానకర్ణులయ్యారు.

"తప్పు నాదే," అన్నాడతను. ఎడమ చేత్తో పెన్సిలు తీసి అంకె పక్కన దిద్దుకున్నాడు. "నా పేరు నౌఫల్. ఈ పట్టిక పని నాదే. కూర్చోండి. నీళ్ళు తాగుతారా, టీ తాగుతారా?"

అంత తొందరగా తప్పు ఒప్పుకునే మనిషితో దెబ్బలాడ్డం ఎలాగో రద్వాకు తెలియలేదు. నీళ్ళు తాగింది.

*

గ్రూప్ అంటే నాలుగు కంపెనీలు. స్ఫాక్స్‌లో నూనె మర, దాని పక్కనే డబ్బాల ఫ్యాక్టరీ, ట్రిపోలీలో ఒక కొట్టు, అలెగ్జాండ్రియాలో ఎగుమతుల ఆఫీసు. ఇన్నాళ్ళూ ఎవరి లెక్కలు వాళ్ళు తమకు తోచిన పేర్లతో రాసుకున్నారు. ఇప్పుడు నాలుగింటినీ కలిపి చూపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి కావలసింది ఒకే ఒక్క ఖాతాల పట్టిక. ప్రతి కంపెనీలోని ప్రతి ఖాతాకూ అందులో ఒక చోటు చూపించాలి. చోటు దొరికిన ఖాతా పచ్చగా, దొరకనిది ఎర్రగా కనిపిస్తుంది. ఒక్క ఎరుపు మిగిలినా పట్టికకు తాళం పడదు.

యజమానిని అందరూ గౌరవంగా సీ ముఖ్తార్ అంటారు. ఆయన ఆ మధ్యాహ్నమే అందరినీ పిలిచి మాట తేల్చేశాడు.

"నెలాఖరు గురువారం తాళం వేస్తాం. ఆనాటికి ఎవరి ఖాతాలు ఎర్రగా ఉంటే వాళ్ళ లెక్కలు ఇకమీదట ఇక్కడే రాయిస్తాను. అక్కడ ఆఫీసు దండగ."

చెప్పింది అందరికీ గానీ చూసింది రద్వా వైపు. మిగతావాళ్ళు పిలిస్తే పలికే దూరంలో ఉన్నారు. ట్రిపోలీ కొట్టులో ఖాతాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగిలింది అలెగ్జాండ్రియా.

ఆ ఆఫీసులో రద్వాతో కలిపి నలుగురు. రేవు కనిపించే కిటికీ ఉన్న గది. ఆ గదిని మొదలుపెట్టింది ఆమె తండ్రి, ఉస్తాద్ సమీహ్. పోయిన ఏడాది చలికాలంలో ఆయన పోయాడు. ఆయన పని ఆమెకే వచ్చింది. కిటికీ పక్క కుర్చీ మాత్రం ఆమె తీసుకోలేదు. దాని మీద ఎవరూ ఫైళ్ళు కూడా పెట్టరు.

అప్పట్నుంచి ఆమె స్ఫాక్స్‌లో ఉన్నది పట్టిక కోసం కాదు. ఆ గది కోసం.

*

పని మొదలైంది. నౌఫల్ స్క్రీన్ మీద ఒక్కో ఖాతా పేరు చదువుతాడు, రద్వా అదేమిటో చెబుతుంది, ఇద్దరూ కలిసి దానికి చోటు వెతుకుతారు.

"'రంజాన్‌లో వాచ్‌మన్ ఇంటికి పంపిన సరుకులు'. దీనికి విడిగా ఒక ఖాతానా?"

"వాచ్‌మన్ విడిగా ఒక మనిషే కదా."

"'తుఫానుకు తడిసిన అట్టపెట్టెలు'. ఇది ఖాతా పేరా, కథ పేరా?"

"మీ ఖాతాలకైతే పేర్లే లేవు. అన్నీ నంబర్లు. జైల్లో ఖైదీల్లాగా."

"ఖైదీలైతే పారిపోరు కదండీ. మీవి చూడండి, పొద్దున ఖర్చుల్లో పెడితే సాయంత్రానికి ఆదాయాల్లో తేల్తున్నాయి."

"అవి పారిపోలేదు. మీరే ఎత్తుకెళ్ళారు."

మధ్యాహ్నం వీధి చివరి కొట్టు నుంచి వేయించిన రొట్టెలు తెప్పించాడు. లోపల ట్యూనా, గుడ్డు, ఉడికించిన బంగాళాదుంప. రద్వా అనుమానంగా విప్పి చూసింది.

"ఇందులో కారం ఉందా?"

"లేదండీ. హరీసా మాత్రమే."

ఒక్క ముక్క కొరికింది. ఆ హరీసా అన్నది ఎండుమిరపకాయల ముద్దేనని అప్పుడు తెలిసింది. కళ్ళు ముక్కు కలిసి కారాయి.

"ఏడుస్తున్నారా?" అన్నాడు నౌఫల్ కంగారుగా.

"లేదు. మీ పట్టిక అందం చూసి ఆనందబాష్పాలు."

అతను అప్పుడు నవ్వాడు. మొదటిసారి. నవ్వితే ఉంగరాల జుట్టు నుదుటి మీద పడింది, చెవి వెనక పెన్సిలు మాత్రం కదల్లేదు. రద్వా రొట్టెలో బంగాళాదుంప ముక్కల్ని చాలా శ్రద్ధగా వెతకసాగింది.

వేసవి కాబట్టి ఆఫీసు రెండింటికే మూసేస్తారు. పట్టిక పనివాళ్ళు మాత్రం ఎండ తగ్గాక అయిదింటికి మళ్ళీ వచ్చి కాసేపు కూర్చుంటారు. ఆ మొదటి సాయంత్రం నౌఫల్ వచ్చినప్పుడు అతనికంటే ముందు ఒక వాసన వచ్చింది. కుడి చెవి వెనక చిన్న మల్లెమొగ్గల గుత్తి. సన్నని గడ్డిపుల్లలకు మొగ్గల్ని గుచ్చి, దారంతో బిగించి కట్టింది. అలెగ్జాండ్రియాలో మల్లెలు కార్ల అద్దాలకు వేలాడతాయి, ఆడవాళ్ళ మెడల్లో ఉంటాయి. మగవాడి చెవి వెనక, పైగా లెక్కలవాడి చెవి వెనక చూడ్డం ఆమెకు అదే మొదలు.

"ఏంటి, అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. ఆ నంబరు ఎంతన్నారు?"

"నేనింకా ఏ నంబరూ అన్లేదు."

గది చల్లబడుతున్న కొద్దీ మొగ్గలు విచ్చుకునేవి. రోజూ అంతే. అతను వంగి స్క్రీన్ మీద ఏదో చూపిస్తుంటే, రద్వా ఆ చూపించినదాన్ని రెండోసారి చెప్పించుకునేది. అతను విసుక్కోకుండా రెండోసారీ చెప్పేవాడు. ఒక్కోసారి అడక్కపోయినా చెప్పేవాడు.

*

హనెన్ సీ ముఖ్తార్ కార్యదర్శి. ఆమె బల్ల దాటకుండా ఆ ఆఫీసులో ఏ కాగితమూ, ఏ కబురూ ముందుకు పోదు. ఒక ఉదయం రద్వా ఆమె దగ్గర కూర్చుని, రైలు టైము అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇక్కడ మగవాళ్ళు చెవికి పూలు పెట్టుకుంటారే, దానికేమన్నా పద్ధతుందా?"

"ఉండకేం చెల్లీ. ఎడమ చెవి వెనకుంటే ఇంటి తలుపు తీసే ఉందని. కుడి చెవి వెనకుంటే లోపల ఎవరో ఉన్నారు, గడియ పడిందని. మా ఆయన పెళ్ళికి ముందు ఎడమ వైపు పెట్టుకుని మా వీధిలో పచార్లు చేసేవాడు. ఇప్పుడు కుడి వైపూ పెట్టుకోడు. జలుబంటాడు. ఎందుకడిగావ్?"

"ఊరికే," అంది రద్వా.

ఆ రోజు సాయంత్రం ఆమె కుర్చీ కాస్త అవతలికి జరిగింది. మాటల్లో 'అండీ'లు ఎక్కువయ్యాయి, నవ్వులు తగ్గాయి. నౌఫల్ టీ తెప్పించాడు. పైన చిలగోజా గింజలు తేలుతున్న టీ, ఆమెకు ఇష్టమని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది.

"వద్దండీ."

"నిన్న రెండు తాగారు."

"నిన్న నిన్నే."

"నేనేమన్నా అన్నానా?"

"మీరేమంటారు? తర్వాతి ఖాతా చదవండి."

అతను చదివాడు. రద్వా స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. ఆ అదృష్టవంతురాలెవరో, ఆమె పేరేమిటో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే తనకెందుకు కావాలో చెప్పాల్సి వస్తుంది. మింగేసింది.

అలా ఎరుపులన్నీ పచ్చబడుతూ వచ్చాయి. వాచ్‌మన్ సరుకులకు చోటు దొరికింది. తడిసిన పెట్టెలకు దొరికింది. ఆమె కాగితంలో రాసిన నంబరు గ్రూప్ పట్టికలో లేని ఖాతా ఒక్కటే చివరికి మిగిలింది. బక్షీసులు.

"రేవు ఖర్చుల్లో ఇతరములు అని ఉంది. అందులో కలిపేద్దామా?" అన్నాడు నౌఫల్.

"వద్దు. దానికి విడిగా నంబరు కావాలి."

"విడిగా ఎందుకు?"

"మాకు మొదట్నుంచీ విడిగానే ఉంది."

"కొత్త నంబరంటే సీ ముఖ్తార్ సంతకం కావాలండీ."

"అడగండి మరి."

"అడుగుతాను."

మర్నాడు అడిగితే, ఆయన ఊళ్ళో లేరన్నాడు. ఆ మర్నాడు, ఆయన తీరిగ్గా లేరన్నాడు. ఇంకో రోజు, అసలు బక్షీసు అన్న మాటకు సరైన నిర్వచనం కావాలన్నాడు. ఆమె రాసిచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి, "చేతిరాత బాగుంది. ఈసారి ఆరు ఆరులాగే ఉంది," అన్నాడు. ఎరుపు మాత్రం ఎరుపుగానే ఉంది.

గురువారానికి ముందురోజు రద్వా ఓపిక నశించి హనెన్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"కొత్త ఖాతాకి ఆయన సంతకం పెట్టడానికి ఇన్ని రోజులు పడుతుందా?"

"ఏ ఖాతా?"

"నౌఫల్ అడిగింది."

హనెన్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. "నౌఫల్ ఏమీ అడగలేదే. సీ ముఖ్తార్ అలాంటివి కాఫీ తాగుతూ పెట్టేస్తారు. నా చేతి మీదుగా పోకుండా ఆయన దగ్గరికి ఏదీ పోదు చెల్లీ. ఎవరూ అడగలేదు."

రద్వాకు ఇప్పుడు అంతా అర్థమైంది, లేదా అర్థమైందని అనుకుంది. లెక్కలు స్ఫాక్స్‌కు వస్తే పెత్తనం ఎవరిది? పట్టిక పని ఎవరిదో వాడిది. టీలు, రొట్టెలు, చేతిరాత మీద మెచ్చుకోళ్ళు. పెళ్ళి కుదిరిన మనిషి పరాయి ఊరి అమ్మాయిని నవ్విస్తూ, ఆమె తండ్రి గదికి తాళం చేయిస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఆఫీసుకు రాలేదు. బసలో కూర్చుని మర్నాడు సభలో అనాల్సిన మాటలు పోగేసుకుంది.

*

గురువారం పొద్దున పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. గోడమీది స్క్రీన్ అంతా పచ్చగా ఉంది, ఒక్క చుక్క తప్ప.

సీ ముఖ్తార్ ఆ చుక్క వైపు చూసి నిట్టూర్చాడు. గొంతు కటువుగా లేదు. అదే కష్టంగా ఉంది.

"అమ్మాయీ, మీ నాన్న ఉన్నప్పుడు అలెగ్జాండ్రియా కాగితాల కోసం నేనెన్నడూ ఎదురుచూడలేదు. నీ మీద నాకు కోపం లేదు. కానీ మాట అన్నాక అన్నట్టే. వచ్చే..."

రద్వా లేచి నిలబడింది. పోగేసుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆమె నోరు తెరిచేలోపు బల్లకు అవతల ఇంకో కుర్చీ కదిలింది.

"సీ ముఖ్తార్, ఆ ఎరుపు అలెగ్జాండ్రియాది కాదు," అన్నాడు నౌఫల్. "నాది."

"నీదంటే?"

"విడిగా నంబరు కావాలని ఆవిడ ఎప్పుడో అడిగారు. మిమ్మల్ని అడుగుతానన్నాను. అడగలేదు."

"మర్చిపోయావా?"

"లేదు. గుర్తుండే అడగలేదు."

"ఎందుకని?"

నౌఫల్ బల్లమీద ఉన్న నీళ్ళ గ్లాసుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"అది పచ్చబడితే పని అయిపోతుంది. పని అయిపోతే ఆవిడ విమానం ఎక్కేస్తారు."

సభ వివరాలు రాసుకుంటున్న హనెన్ కలం ఆపి తలెత్తింది.

"ఇది కూడా రాయమంటారా?"

రద్వా పోగేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరావడం లేదు. అడుగున ఉన్నదేదో చేతికి తగిలింది.

"సిగ్గులేదూ మీకు? పెళ్ళి కుదిరిన మనిషి అనాల్సిన మాటేనా ఇది?"

"ఎవరికి కుదిరింది?"

"మీకే."

"నాకా? ఎవరితో?" అన్నాడు నౌఫల్. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"అది నన్నడుగుతారేంటి? రోజూ కుడి చెవికి పూలు పెట్టుకుని ఊరంతా చాటుతోంది మీరు."

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒకేసారి అతని చెవుల వైపు తిరిగాయి. పొద్దుటి పూట కాబట్టి కుడి చెవి ఖాళీగా ఉంది. నౌఫల్ ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి, ఎడమ చెవి వెనకున్న పెన్సిలును తడిమింది.

"ఇటువైపు ఖాళీ లేదండీ," అన్నాడు. "నాది ఎడమ చేతివాటం. ఇది చిన్నప్పట్నుంచీ ఇక్కడే ఉంటుంది. పూలకి అటువైపే మిగిలింది."

ముందు నవ్వింది హనెన్. "నన్నొక్క మాట అడగొచ్చుగా చెల్లీ. వీడికి పెళ్ళి కుదరడమేంటి? పిల్లిని తెచ్చి పెంచుకుంటే అది కూడా పక్కింటికి కాపురానికి పోయింది."

సీ ముఖ్తార్ నవ్వలేదు. ఆయన ముఖంలో ఏదో పాత లెక్క ఇప్పుడు తేలుతున్నట్టుంది.

"ఒరేయ్, ఆమధ్య మా ఆవిడ వాళ్ళ చెల్లెలి కూతురికి నిన్ను అనుకుంది. వీధిలో నీ చెవి చూసి మానుకుంది. ఆ పెన్సిలు కాస్త జేబులో పెట్టుకుని ఏడవొచ్చు కదా."

"జేబులో పెడితే విరుగుతుందండీ."

"హనెన్, కొత్త ఖాతా కాగితం ఒకటి ఇలా తే." ఆయన కాఫీ కప్పు జరిపి సంతకం చేశాడు. "బక్షీసులకి విడిగా నంబరు. అలెగ్జాండ్రియా లెక్కలు అలెగ్జాండ్రియాలోనే. అమ్మాయీ, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నౌఫల్, నీ సంగతి నేను తీరిగ్గా చూస్తాను."

చుక్క పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. రద్వా తన కాగితాలు సర్దుకుని బయటికి నడిచింది.

*

మెట్ల మీద అతను ఆమెను అందుకున్నాడు. చేతిలో రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి చాచాడు. ఆమె తీసుకోలేదు.

"చెప్పాల్సింది ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాడు. "మీరు ఉన్నట్టుండి దూరం జరిగారు. టీ కూడా వద్దన్నారు. చెబితే ఆ కాస్తా పోతుందేమోనని భయమేసింది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ..."

"ఆ రోజులు మీవి కావు," అంది రద్వా. గొంతు పెంచలేదు. "అక్కడ నాతోపాటు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఇళ్ళున్నాయి. ఆ గదిలో మా నాన్న కుర్చీ ఉంది. మీరు ఆడుకున్నది వాటితో."

అతను చాచిన గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

"విడిగా ఎందుకని అడిగారుగా. ఆ ఖాతా మా నాన్న పెట్టింది. పేరు మాత్రం అప్పటి మేనేజరు పెట్టాడు. నాన్నకి ఆ మాట నచ్చేది కాదు. 'బక్షీసు ఏంటి, మనమేదో దయతో పారేసినట్టు? మోసినవాళ్ళ వాటా అది. ఇతరములు అన్నదాంట్లో కలిపేస్తే ఇవ్వనట్టే' అనేవాడు. అందుకు విడిగా కావాలన్నాను. చెప్పడం ఎందుకో చేతకాలేదు. నాన్న గురించి చెప్పడం నాకింకా అలవాటు కాలేదు."

"నాకు తెలిసుంటే..."

"తెలియకపోయినా చెయ్యకూడదు."

"అవును," అన్నాడు నౌఫల్. "చెయ్యకూడదు."

టీ చల్లారిపోయింది. గింజలు అడుక్కి దిగాయి. ఆమె రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరగకుండా అంది.

"ఈసారి కూడా తప్పు తొందరగానే ఒప్పుకున్నారు. అదొక్కటే మిమ్మల్ని పూర్తిగా తిట్టనివ్వడం లేదు."

శనివారం విమానంలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చేతి సంచిలో ఎక్కణ్ణుంచో మల్లెల వాసన వస్తూనే ఉంది. వెతికితే ఏమీ దొరకలేదు. కైరో దాకా వెతుకుతూనే ఉంది.

*

అక్టోబరులో అలెగ్జాండ్రియాకు మొదటి వాన వచ్చింది. కొత్త పట్టికతో నాలుగు కంపెనీల లెక్కలూ మొదటిసారి కలిపే రోజు అదే. రద్వా రేవు గదిలో కంప్యూటర్ తెరిచి, తాళం పడిన పట్టికను పైనుంచి కిందికి చదివింది. ఖర్చుల్లో, రేవు ఖర్చుల పక్కన, విడిగా ఒక నంబరు. దాని ఎదురుగా ఉన్న పేరు ఆమె రెండుసార్లు చదివింది.

'మోసినవారి వాటా.'

అది అలెగ్జాండ్రియాకే కాదు. నాలుగు కంపెనీలకూ ఉంది. నింపకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ముందుకు పోనివ్వదు. మర వాళ్ళు నింపారు, డబ్బాల వాళ్ళు నింపారు, ట్రిపోలీ కొట్టు కూడా నింపింది.

హనెన్‌కు ఫోన్ చేసింది. అవతల ఒకటే గోల.

"ఆ పేరు పెట్టించడానికి వాడు సీ ముఖ్తార్‌తో ఎన్నాళ్ళు వాదించాడో నీకు తెలీదు చెల్లీ. మేం ఇన్నాళ్ళూ ఇస్తూనే ఉన్నాం, రాయడమెందుకు అంటాడాయన. ఇస్తే రాయండి, రాయకపోతే ఎవరికి తెలుసు అంటాడు వీడు. చివరికి ఆయనే విసిగి సరేనన్నాడు. ఇదిగో, ఇంకో మాట. నీకు చెప్పొద్దన్నారు గనక చెప్తున్నాను. ఇద్దరూ నిన్న బయల్దేరారు."

"ఎక్కడికి?"

"నువ్వింకా ఆఫీసులోనే కూర్చున్నావా?"

రద్వా కిటికీ దగ్గరికి వెళ్ళింది. రేవు మీద వాన పడుతోంది. ఆమె తండ్రి కుర్చీ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం నిలబడి, అందులో కూర్చుంది. అక్కణ్ణుంచి పట్టికకు ఆమోదం నొక్కింది. తర్వాత ఇంటికి పరిగెత్తింది.

ఇల్లు అన్ఫూషీ పేటలో, మూడో అంతస్తు. అమ్మ తలుపు తీసి గుసగుసగా అంది. "ఎవరో సీ ముఖ్తారట, చేపల పులావు ఎంత పెట్టినా తింటున్నాడు. మాట్లాడ్డానికి పెద్దమనిషిగా వచ్చానంటాడు. అసలు మనిషేమో కిందే నిలబడ్డాడు. నువ్వు రమ్మంటేనే పైకొస్తాడట."

"ఎక్కడ? నాకు కనబడలేదే."

"రొట్టెల కొట్టు చూరు కింద. ఎవరే అతను? లెక్కలవాడు చెవికి పూలు పెట్టుకోవడమేంటి?"

రద్వా మెట్లు దిగింది. నౌఫల్ చూరు అంచున సగం తడుస్తూ నిలబడి ఉన్నాడు. సిగ్నల్ దగ్గర కొన్న మల్లెదండ లోంచి తెంపి, దారంతో వంకరగా కట్టుకున్న గుత్తి ఒకటి ఎడమ చెవి వెనక ఉంది. పెన్సిలు కుడి చెవికి మారింది. అలవాటు లేని చోట అది మాటిమాటికీ జారుతోంది.

"దారంతా పడిపోతూనే ఉంది," అన్నాడు దాన్ని ఎగదోస్తూ. "అయినా ఎడమవైపు ఖాళీ చేశాను. తలుపు తీసే ఉందని మీకు తెలియాలిగా."

"ఆ పేరు పెట్టమని మీకెవరు చెప్పారు?"

"మీరే. మెట్ల మీద."

"నేను చెప్పింది తిట్టడానికి."

"తిట్లలో అదొక్కటే రాసుకున్నాను. మిగతావి గుర్తున్నాయి." మళ్ళీ జారిన పెన్సిలును పట్టుకున్నాడు. "రద్వా, ఈసారి ఏ ఖాతా ఆపలేదు. అంతా పచ్చగా ఉంది. మీరు ఇప్పుడు పొమ్మన్నా వెళ్ళిపోవచ్చు. అందుకే అడుగుతున్నాను. పైకి రమ్మంటారా?"

వాన పెద్దదైంది. ఆమె జవాబు చెప్పేలోపు ఇద్దరి మధ్యలోకి పైనుంచి ఒక బుట్ట దిగింది. కూరగాయల కోసం అమ్మ రోజూ తాడు కట్టి దించే బుట్టే. అందులో ఒక గొడుగు ఉంది. రద్వా తలెత్తింది. బాల్కనీలో అమ్మ, ఆమె పక్కన నోటినిండా పులావుతో సీ ముఖ్తార్.

"పిల్లలు తడుస్తారని," అంది అమ్మ, అంతకుమించి తనకేమీ తెలియనట్టు.

రద్వా గొడుగు తీసి నౌఫల్ చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె అతని కుడి చెవి వెనకున్న పెన్సిలు తీసుకుంది. తన తడి జుట్టును ముడివేసి దాన్ని అందులో గుచ్చుకుంది. తర్వాత ఎడమ చెవి వెనకున్న మల్లెగుత్తి తీసి, వంకరగా ఉన్న దారం సరిచేసి, కుడి చెవి వెనక పెట్టింది.

"పదండి," అంది. "పులావు ఆయనే తినేసేట్టున్నాడు."